చెవి సాక్ష్యం

రాతగాడా, ఆ కలం కాసేపు పక్కన పెట్టు.
ముందు ఈ చెవి చూడు. అది కాదు, ఎడమది.
తమ్మె కొంచెం సాగి ఉంది కదా,
ఎర్లెన్‌ష్టైన్ వంశమంతా
అక్కడే మడతపడి ఉంది.

మా బవేరియా ఆచారం నీకూ తెలిసిందే.
భూమి చేతులు మారేటప్పుడు
సాక్షిని చెవి పట్టి గుంజుతారు.
నొప్పి గుర్తుంటే మాటా గుర్తుంటుందని.
పెద్దవాళ్లు తొందరగా పోతారు కాబట్టి
పిల్లల చెవులైతే మన్నిక ఎక్కువ.
నాకప్పుడు ఏడేళ్లు.

ఆ వంశం సంగతి అడిగావు.
మొదటి వీర్న్‌ట్ గొడ్డలితో వచ్చాడు.
ఇన్ నది ఒడ్డున ఎర్లె చెట్లన్నీ నరికి
నరికినవాటి పేరే ఇంటిపేరు చేసుకున్నాడు.
కింద ఉప్పు పడవలు పోతుంటే
నదికి అడ్డంగా గొలుసు లాగి
పడవకో గంప దింపించుకున్నాడు.
ఆయన ఉప్పు తిన్నామని
మా తాతలు గొప్పగా చెప్పుకునేవాళ్లు.
ఉప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు.

కొడుకు కొయ్య బురుజు తీసి రాయి పేర్చాడు.
మనవడు జెరూసలేం పోతానని
మూడు పొలాలూ ఒక చేపల చెరువూ తాకట్టు పెట్టి
హంగరీ దాటకముందే
కడుపు జారి ఇంటికొచ్చాడు.
అయినా డాలు మీద సిలువ రాయించుకున్నాడు.
డీముట్ అని ఒక పిల్ల.
కన్యల మఠంలో దింపారు,
వెంట ఒక ఆవు, రెండు దుప్పట్లు.
ఆ పత్రం ఒకసారి చదివి వినిపించారు నాకు.
ఆవు రంగు రాశారు.
పిల్ల వయసు రాయలేదు.

తర్వాతివాడు ఓర్ట్‌లీబ్.
నా చెవి గుంజినవాడు.

చర్చి చూరు నుంచి మంచు కరిగి కారుతోంది.
మఠాధిపతి హద్దులు చదువుతున్నాడు:
చీలిన రాయి నుంచి నక్కల గుంట దాకా,
అక్కడి నుంచి వాగు వెంబడి పిండిమర దాకా,
మరతో సహా,
దాత ఆత్మశాంతి కోసం.
ఓర్ట్‌లీబ్ వరసగా తొమ్మిది చెవులు గుంజాడు,
గంటలు మోగించేవాడిలా, చకచకా.
నా దగ్గరికొచ్చి ఆగాడు.
వేళ్లు వాగు నీళ్లంత చల్లగా ఉన్నాయి.
వంగి, నాకొక్కడికే వినపడేట్టు అన్నాడు:
"మీ నాన్నకి ఈతొచ్చనుకున్నాను."
అప్పుడు గుంజాడు.

అంతవరకూ నాకు తెలిసిన మా నాన్న
తాగి తన మరచక్రం కిందే పడ్డ మనిషి.

కోపమా? ఏమో.
వాళ్ల అడవిలోనే తేనె తీశాను, యాభై ఏళ్లు.
వాళ్లు పెట్టిందే తిన్నాను.
ఓర్ట్‌లీబ్ పోయినప్పుడు, పెద్దకొడుకు పోయినప్పుడు,
చివరికి గెర్విఖ్, పంది వెంటపడి
కొమ్మ తగిలి మెడ విరిగినప్పుడు
ముగ్గురి కొవ్వొత్తులూ నా మైనమే.
గెర్విఖ్‌తో పాటు డాలుని కూడా
తలకిందులు చేసి గోతిలో వేశారు.
ఇక మోసేవాడు లేడని.
సిలువ మీద మట్టి పడ్డ చప్పుడు
ఖాళీ పెట్టె మీద పడ్డట్టుంది.

ఇప్పుడు డ్యూక్ పంపగా నువ్వొచ్చావు.
మర మఠానిదా, డ్యూక్‌దా అంటున్నావు.
ఆ తొమ్మిది చెవులూ మట్టిలో ఉన్నాయి.
మిగిలింది ఇదొక్కటే.

రాసుకో మరి. చీలిన రాయి. నక్కల గుంట. వాగు.
మర మఠానిదే.
ఎందుకిచ్చాడో కూడా రాస్తావా?

హద్దులు చాలు అంటావు.
సరే. నీ తప్పు కాదు,
తోలు ఖరీదైనది.

రాతగాడు గుర్రమెక్కి వెళ్లిపోయాక
పొద్దు వాలి తేనెటీగలు తొర్రలకి చేరుతుంటే
మనవరాలు హైలికాని పిలిచాను.
ఆడపిల్ల చెవి ఏ పత్రంలోనూ లెక్కకి రాదు.
అందుకే అది ఖాళీగా ఉంటుంది.
దగ్గరికి రమ్మన్నాను. చెప్పాను.
అప్పుడు గుంజాను.

"అమ్మా!" అని అరిచి చెయ్యి తోసేసింది,
చెవి రుద్దుకుంటూ నా వైపు చాలాసేపు చూసింది.
"ఆయన పేరేంటి?" అంది, "మీ నాన్న పేరు?"

ఇన్నేళ్లలో
అది అడిగింది తనొక్కతే.